పేరు, పని, జవాబు

మా ఆయన పేరు నాకు తెలియక కాదు. ఆధార్ కార్డు జిరాక్సులు తీయించేది నేనే, కరెంటు బిల్లు కట్టేది నేనే, రెండింటి మీదా ఆయన పేరే ఉంటుంది. సూరత్‌లో పుట్టి పెరిగినా తెలుగు బడిలో చదువుకున్నాను కాబట్టి ఆ పేరు తెలుగులో తప్పుల్లేకుండా రాయగలను కూడా. పలకడమే లేదు. మా ఇళ్లలో ఆడవాళ్లు మొగుడి పేరు పలకరు. పలికితే ఆయుష్షు తగ్గుతుందని మా అమ్మ చెప్పింది. ఆమెకు వాళ్లమ్మ చెప్పింది. ఒకసారి పలికితే ఎంత తగ్గుతుందో మాత్రం ఎవరూ తేల్చి చెప్పలేదు.

పేరు లేకుండా సంసారం ఎలా నడిచిందంటారా, బ్రహ్మాండంగా నడిచింది. "ఇగో" అంటే చాలు, ఆయనకు అర్థమయ్యేది. కాస్త సాగదీసి అంటే అన్నానికి రమ్మని. తెగ్గొట్టినట్టు అంటే ఇంటికి ఎవరో వచ్చారు, చొక్కా తొడుక్కొమ్మని. అసలేమీ అనకుండా గిన్నెను గట్టు మీద గట్టిగా పెడితే, తాను చేసిన తప్పేమిటో ఆయనే వెతుక్కోవాలి. ఈ చివరిదానికే ఎక్కువ సమయం పట్టేది.

ఆయన ఉధ్నాలో సాంచాలు నడిపేవాడు. సాంచా అంటే కరెంటు మగ్గం. షెడ్డు నిండా వరసగా పెట్టి అన్నిటినీ ఒకేసారి ఆడిస్తారు. లోపల ఒక మనిషి గొంతు చించుకున్నా పక్కవాడికి వినపడదు. ఆ షెడ్డులో పనిచేసిన మనిషి ఇంటికి వచ్చాక కూడా షెడ్డులో ఉన్నట్టే అరుస్తాడు. మా గోడాదరా గల్లీలో మగవాళ్లందరిదీ ఇదే వరస. "కూరల జర ఉప్పు తక్కువైంది" అని మా ఆయన అంటే, ఎదురింటావిడ తన కూర రుచి చూసుకునేది. కొత్తగా అద్దెకు దిగినవాళ్లు మా గల్లీలో రోజూ కొట్లాటలేమో అని భయపడతారు. కొన్నాళ్లకు వాళ్లూ అరవడం మొదలుపెడతారు.

ఆ చప్పుడు ఆయన కుడి చెవిని తినేసింది. చెవుల డాక్టరు లైటు వేసి రెండు చెవుల్లోకీ చూసి, ఏవో గంటలు వినిపించి, "ఎడమది మిగిలి ఉంది. మళ్లీ ఆ షెడ్డులోకి పోతే అదీ పోతుంది" అని చెప్పాడు. మా ఆయన నవ్వి "మంచిదే గదా, ఇంట్ల గుడ్క సుకంగ ఉంటది" అన్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. డాక్టరు ముందే ఆయన్ని తిట్టాను. ఎడమ వైపుకు వెళ్లి నిలబడి మరీ తిట్టాను, వినపడాలి కదా.

అప్పటికి నేను ఇంట్లోనే వండి, విడిగా గదులు తీసుకుని ఉంటున్న తెలుగు ఇంజనీర్లకు డబ్బాలు పంపేదాన్ని. షెడ్డు మానేసిన ఆయన నాతోపాటు వంటలోకి దిగాడు. గుండిగలు దించేవాడు, బియ్యం కడిగేవాడు, నేను గరిటెతో గుండిగ అంచు మీద కొడితే దాన్నిబట్టి మంట తగ్గించేవాడు, నీళ్లు అందించేవాడు. సాంచా చప్పుడులో ఏ తేడా వచ్చినా పట్టుకున్న మనిషికి నా గరిటె భాష ఒక లెక్కా? కానీ ఇంట్లో వంటకు అంతటి మనిషి అవసరం లేదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. కొన్నాళ్లకు గడప దగ్గర కూర్చుని, షెడ్డుకు పోయేవాళ్లను చూస్తూ, "నేను గుడ్క పోతనే, ఊకె కూసుంటే కాళ్లు పట్టుకుంటున్నయి" అనడం మొదలుపెట్టాడు. అన్నప్పుడల్లా నేను గిన్నెలు గట్టిగా పెట్టాను. ఆ గిన్నెల మాట ఆయన విననట్టే ఊరుకునేవాడు.

ఆ రోజుల్లోనే హజీరా వైపు ఒక పెద్ద ఫ్యాక్టరీ క్యాంటీనుకు తెలుగు వంట చేసేవాళ్లు కావాలని కబురు వచ్చింది. అక్కడి తెలుగువాళ్లు బెల్లం వేసిన పప్పు తిని తిని మొహాలు వేలాడేసుకుంటున్నారట. క్యాంటీను మేనేజరు ఆంధ్ర సారు. నేను పట్టుకెళ్లిన పప్పుచారు గిన్నె ఎత్తి తాగినంత పని చేశాడు. తర్వాత మా ఆయనతో మాట్లాడాడు. మా ఆయన తల పక్కకు తిప్పి ఎడమ చెవి అప్పగించడం చూశాడు.

"చూడమ్మా, మీ చేతి వంటకు వంక లేదు. మీవారి సంగతే ఆలోచిస్తున్నాను" అన్నాడు. "మా కిచెన్‌లో ఫ్యాన్ల మోత ఎక్కువ. చుట్టూ మరిగే నూనె, ఆవిరి. వెనక నుంచి పిలిస్తే పలకని మనిషిని అక్కడ పెట్టుకోలేను. వారం రోజులు ట్రైనింగు ఉంటుంది. ఆఖరి రోజు భోజనాల వేళకు నేనే వచ్చి నిలబడి చూస్తాను. పిలిస్తే పలికాడా, ఇద్దరికీ పని. లేదంటే మీ ఒక్కర్నే తీసుకుంటాను. మరోలా అనుకోకండి."

ఆయన మర్యాదగానే చెప్పాడు. నాకు మాత్రం ఒళ్లు మండింది. నన్నొక్కదాన్ని తీసుకుంటే ఏమవుతుందో నాకు తెలుసు. నేను హజీరా బస్సు ఎక్కుతాను, మా ఆయన ఉధ్నా ఆటో ఎక్కుతాడు, ఉన్న ఒక్క చెవీ సాంచాల పాలవుతుంది. ఆ తర్వాత నేను ఏ వైపు నిలబడి తిట్టాలి?

శిక్షణ ఇచ్చే మేడమ్ గుజరాతీ పిల్ల. మా అమ్మాయి వయసు ఉంటుంది. అందరికీ తలకు వల టోపీలు పెట్టించింది. అది పెట్టుకున్నాక మా ఆయన నన్ను చూసి నవ్వాడు, ఆయన్ను చూసి నేను నవ్వలేదు, పరువు కాపాడాను. మేడమ్ గోడకు ఆనుకుని నిలబడి హిందీలో చెప్పడం మొదలుపెట్టింది. వంటగదిలో ఎలా మాట్లాడాలి, ఎలా మాట్లాడకూడదు. ఇన్నేళ్లుగా వండుతున్నదాన్ని, పొయ్యి ముందు నోరెలా తెరవాలో ఈ పిల్ల నేర్పుతుందా అని నాకు లోపల కుతకుతలాడింది. ఎదుటివాళ్ల కళ్లలోకి చూసి నవ్వుతూ మాట్లాడాలట. ఉల్లిపాయలు తరిగేవాళ్లు కళ్లలోకి ఎలా చూడాలో మాత్రం చెప్పలేదు.

కానీ అబద్ధం చెప్పకూడదు, ఆ పిల్ల చెప్పినదాంట్లో ఒకటి బంగారం. పేరు, పని, జవాబు. ముందు మనిషిని పేరు పెట్టి పిలవాలి. తర్వాత పని చెప్పాలి. విన్నవాడు ఆ పనిని తన నోటితో మళ్లీ చెప్పాలి. "ఫలానా, పెద్ద పొయ్యి ఆర్పు." "పెద్ద పొయ్యి ఆర్పుతున్నా." అంతే. ఊరికే గాల్లోకి "ఎవరైనా పొయ్యి ఆర్పండి" అంటే ఎవరూ ఆర్పరు, లేదా ముగ్గురు కలిసి మూడు పొయ్యిలు ఆర్పుతారు అంది. నిజమే. మా ఇంట్లో పెళ్లిళ్లన్నీ ఇలాగే నడిచాయి. ఇంకొకటి, వేడి గిన్నె పట్టుకుని ఎవరి వెనక నుంచి వెళ్లినా "పాఛళ్ గరమ్" అని అరవాలి, అంటే వెనక వేడిది వస్తోందని. గిన్నెల మీద గరిటెలతో కొట్టకూడదు. కొట్టినా లాభం లేదు, నెత్తిన ఆ పెద్ద ఫ్యాన్లు తిరుగుతుంటే నా గరిటె చప్పుడు నాకే వినపడలేదు.

మొదటి రోజే బండారం బయటపడింది. అన్నం గుండిగ దించాలి, మా ఆయన అటు తిరిగి ఉన్నాడు. "ఇగో" అన్నాను. ఆయనతోపాటు కూరగాయలు తరిగే ఇద్దరు ఆడవాళ్లూ తిరిగారు, అమ్రోలి నుంచి వచ్చే మావాళ్లే. గ్యాసు సిలిండరు తెచ్చిన మనిషి ఎవరో నాకు తెలియదు, అతనూ తిరిగాడు.

"ఆయన పేరు ఇగోనా?" అంది మేడమ్.

"కాదు."

"మరి పేరేంటి?"

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన పైన ఫ్యాను వైపు చూశాడు. చివరికి తరిగే ఆడవాళ్లలో ఒకావిడ నా మీద జాలిపడి ఆ పేరు చెప్పింది.

"మంచి పేరు కదా ఆంటీ, అదే పిలవండి" అంది మేడమ్.

నేను గుండిగ వైపు చూస్తూ నిలబడ్డాను. అన్నం అడుగంటే వాసన వచ్చింది. మా ఆయన తనంతట తనే వచ్చి దించాడు.

సంగతి అర్థమయ్యాక ఆ పిల్ల నవ్వలేదు. అందుకు ఇప్పటికీ ఆమె అంటే నాకు గౌరవం. "మీ ఆచారంతో నాకు పేచీ లేదు ఆంటీ. నూనెకే ఆచారం తెలియదు" అంది. కాసేపు ఆలోచించి, "ఉత్త పేరు పిలవడం మీకు మర్యాదగా లేకపోతే చివర భాయ్ అని చేర్చండి. మేమందరం అలాగే పిలుచుకుంటాం కదా" అని సలహా ఇచ్చింది.

నా చేతిలో గరిటె జారిపోయింది. తాళి కట్టినవాణ్ణి పట్టుకుని అన్నా అని పిలవాలా! తరిగే ఆడవాళ్లు ఇద్దరూ కొత్తిమీర కట్టల వెనక మొహాలు దాచుకుని ఊగిపోయారు. మా ఆయనకు ఆ మాట వినపడిందో లేదో తెలియదు, వల టోపీ మాత్రం తీసి మళ్లీ పెట్టుకున్నాడు. పాపం ఆ పిల్లకు తప్పేమిటో అర్థం కాక, తన తప్పు కాని తప్పుకు సారీ చెప్పింది.

మర్నాడు మేనేజరు సారు తొంగిచూడటానికి వచ్చినప్పుడు ఈ సంగతి ఆయన దాకా వెళ్లింది. ఆయన చాలా తేలిగ్గా తీసుకున్నాడు. "దానికేముందమ్మా, మా వైపు అందరూ ఏమండీ అంటారు. మీరూ ఏమండీ అనండి. వినడానికి ఎంత బాగుంటుంది" అని చెప్పి బయటికి నడిచాడు. మా వాళ్లలో అలా పిలవడం లేదు. నువ్వు, నువ్వు అని పిలుచుకునే మొగుడూ పెళ్లాల మధ్య ఈ అండీ ఎక్కడినుంచి వస్తుంది? అయినా చెవి కోసం ఏదైనా చేస్తాను. గొంతు సవరించుకుని, కళ్లు మూసుకుని, "ఏమండీ" అన్నాను.

మా ఆయన కదల్లేదు. గుమ్మం దాటబోతున్న మేనేజరు సారు మాత్రం గిర్రున తిరిగి "ఆఁ, వస్తున్నా" అన్నాడు.

వంటగదిలో ఎవరూ నవ్వడానికి సాహసించలేదు. సారు మొహం ఎర్రబడింది. ఇంకేదో పని గుర్తొచ్చినట్టు గబగబా వెళ్లిపోయాడు. ఆయన మెట్లు దిగి కనుమరుగయ్యాక అప్పుడు నవ్వాం, కడుపులు పట్టుకుని.

ఆ మర్నాటి నుంచి నేనో దొడ్డిదారి కనిపెట్టాను. మాతోపాటు ఒక గుజరాతీ మహారాజ్ ఉన్నాడు. అక్కడ వంటాయన్ని మహారాజ్ అంటారు. ఈయన నిజంగా మహారాజే, రొట్టెల పెనం ముందు ఎత్తుపీట మీద కూర్చుని అందరి వంటల మీదా తీర్పులు చెప్పేవాడు. మా ఆయన్ను పేరుకు భాయ్ తగిలించి ధారాళంగా పిలిచేవాడు. కాబట్టి నేను మహారాజ్‌కు చెప్పేదాన్ని, ఆయన మా ఆయనకు చెప్పేవాడు. చిక్కల్లా మహారాజ్ ఏ కబురునూ చేరినది చేరినట్టుగా దాటించేవాడు కాదు. "చారులో చింతపండు పులుసు పొయ్యమనండి" అని నేనంటే, ఆయన పేరు పెట్టి పిలిచి, "చింతపండు పులుసు పోయ్, థోడో గోళ్ పణ్" అనేవాడు. కాస్త బెల్లం కూడా అని. మా ఆయన "చింతపండు పులుసు పోస్తున్న, బెల్లం ఏస్తున్న" అని మేడమ్ మెచ్చేలా జవాబు చెప్పి రెండూ వేసేవాడు. నియమం ప్రకారం అంతా సరిగ్గా జరిగింది. పేరు ఉంది, పని ఉంది, జవాబు ఉంది. చారు మాత్రం పాయసానికి మేనమామ కూతురులా తయారైంది.

"చారుల బెల్లం ఏందయ్యా!" అని మహారాజ్ మీద ఎగిరాను.

"బెన్, పులుపుకు తోడు ఉండాలి. ఒంటరిగా పాపం అది ఏం చేస్తుంది?" అన్నాడు ఆయన చెక్కుచెదరకుండా.

మేడమ్ నన్ను పక్కకు పిలిచింది. "ఆంటీ, పరీక్ష రోజున సారు చూసేది మహారాజ్ పిలిస్తే అంకుల్ పలుకుతాడా అని కాదు. మీరు ఒక మూల, అంకుల్ ఒక మూల ఉంటారు. ప్రమాదం కనిపించేది మీకే. మధ్యలో ఇంకో మనిషి ఉంటే ఆలస్యమవుతుంది" అంది. ఆ పిల్ల చెప్పేది నిజం. నిజం కావడం వల్లే నాకు కోపం వచ్చింది.

పరీక్షకు ముందురోజు సాయంత్రం, ఆయన కూరగాయలకు వెళ్లినప్పుడు, ఇంట్లో ప్రాక్టీసు చేద్దామనుకున్నాను. కుక్కరును ఎదురుగా పెట్టుకున్నాను. అదీ నల్లగా, పొట్టిగా, ఎప్పుడు చూసినా ఏదో గొణుగుతూ ఆయనలాగే ఉంటుంది. మొదటి అక్షరం దగ్గరే నాలుక అంటుకుపోయింది. నీళ్లు తాగాను. మళ్లీ మొదలుపెట్టి, మొత్తం పేరు ఒక్క ఊపులో అనేశాను. గట్టిగానే వచ్చినట్టుంది, పక్కింటావిడ పిండి చేతులతో పరిగెత్తుకొచ్చింది.

"ఏమైంది వదినే? అన్నకేమన్న అయిందా?"

"ఏం కాలే. పిలుసుడు నేర్చుకుంటున్న."

సంగతంతా చెప్పాను. ఆమె గుండెల మీద చెయ్యి వేసుకుంది, పిండి చీరకంతా అంటింది. "వద్దు వదినే, అన్న ఆయుష్షు తగ్గుతది. గా నౌకరీ కోసం గిట్ల చేస్తరా?"

"తగ్గితే తగ్గనీ. నూరేండ్లు చెవుల్లేక బతికేదానికంటే తొంబై ఏండ్లు ఇనుకుంట బతికితే ఏమైతది?" అన్నాను. మాటైతే గట్టిగా అన్నాను గానీ, ఆమె వెళ్లాక దేవుడి పటం ముందు నిలబడి, నేను పిలిచింది కుక్కరునని, దయచేసి ఎవరి ఖాతాలోనూ రాయొద్దని వివరంగా చెప్పుకున్నాను.

పరీక్ష రోజు వచ్చింది. పప్పుచారు, వంకాయ కూర, బెండకాయ వేపుడు మావి. రొట్టెలు, కఢీ, మెంతాకు భజియాలు మహారాజ్‌వి. మేనేజరు సారు చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. మేడమ్ గోడ పక్కన నిలబడింది, ఆ రోజు ఆమెకే ఎక్కువ చెమట పట్టింది. ఫ్యాన్లన్నీ తిరుగుతున్నాయి. నేను ఈ చివర పోపు పెడుతున్నాను. మొదట అంతా సజావుగానే సాగింది. మా ఆయన నా వైపు చూస్తూనే ఉన్నాడు, నేను కళ్లతో చెబితే పని చేస్తున్నాడు. పేరు పిలిచే అవసరమే రాకుండా భోజనాల గంట కొడితే బాగుండునని నా ఆశ.

చారు గుండిగ సిద్ధమైంది. దాన్ని చక్రాల బల్ల మీద పెట్టి మా ఆయన వెనక్కి వెనక్కి నడుస్తూ వడ్డన గది వైపు లాగుతున్నాడు. అదే సమయానికి మహారాజ్ భజియాల కడాయి రెండు చేతులతో ఎత్తి, నూనెతో సహా కింద స్టాండు మీద పెట్టడానికి తిరిగాడు. "పాఛళ్ గరమ్" అని అరిచాడు కూడా. అరిచింది మా ఆయన కుడి చెవి వైపు. మా ఆయన వెనక్కే వస్తున్నాడు. ఆయన వీపుకూ ఆ కడాయికీ మధ్య ఉన్న చోటు కరిగిపోతోంది.

పిలిచాను. మా ఆయన పేరు, అక్షరం పొల్లుపోకుండా, షెడ్డులో పనిచేసినవాడి ఇల్లాలు పిలిచే గొంతుతో.

ఆ వంటగది మొత్తం ఆగిపోయింది. తరిగే ఆడవాళ్ల కత్తులు ఆగాయి, ఒకావిడ "అమ్మో" అని నోరు మూసుకుంది. మేడమ్ కళ్లు పెద్దవయ్యాయి. మహారాజ్ కడాయి పట్టుకుని ఎక్కడివాడక్కడే నిలబడి, నోరు తెరిచి నా వైపు చూశాడు. ఆగనిది ఒక్కడే. మా ఆయన మాత్రం హాయిగా గుండిగ లాక్కుంటూ, వెనక్కి నడుస్తూ, ఆ మరిగే నూనె మీదికే పోతున్నాడు.

"ఇగో!"

కరెంటు పోయిన సాంచాలా ఆగిపోయాడు. ఆయన వీపుకూ కడాయికీ మధ్య జానెడు కూడా లేదు.

"ఆగిన" అన్నాడు నా వైపు తిరిగి. "చెప్పు."

"ముందట్కి జరుగు."

"ముందట్కి జరుగుతున్న."

మహారాజ్ కడాయిని కింద పెట్టి, తానూ దాని పక్కనే కూలబడ్డాడు. అంతలోనే మేనేజరు సారు లోపలికి వచ్చాడు. "నేను భయపడింది ఇదేనమ్మా. మీరు పేరు పెట్టి అంత గట్టిగా పిలిచారు, గేటు దగ్గర వాచ్‌మన్‌కు కూడా వినపడి ఉంటుంది. ఈయనకు వినపడలేదు" అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు, అయిపోయిన విషయం చెబుతున్నట్టు చెప్పాడు. నాకు ఉధ్నా షెడ్డు కళ్ల ముందు కనపడింది. పోపు మాడిపోతోంది, దించాలనిపించలేదు.

మేడమ్ ముందుకు వచ్చింది. "అంకుల్, ఆంటీ ముందు ఏమని పిలిచింది?" అని మా ఆయన్ను అడిగింది.

"నా పేరు" అన్నాడు ఆయన.

"వినపడిందా?"

"ఇనవడ్డది. మంచిగనే ఇనవడ్డది."

"మరి ఎందుకు తిరగలేదు?"

మా ఆయన నన్ను చూశాడు, నేల చూశాడు, టోపీ సర్దుకున్నాడు. "నన్నే అనుకోలే మేడమ్. గామె గొంతుల నా పేరు ఎన్నడన్న ఇంటే గదా? గదే పేరుగల్లోడు ఇంకెవలో కొత్తగ పనిల చేరిండనుకున్న."

ముందుగా నవ్వింది మహారాజ్. కింద కూర్చునే, పొట్ట ఊగేలా నవ్వాడు. "సాహెబ్, ఇంట్లో మా ఆవిడ నన్ను సాంభళో ఛో అంటుంది, వింటున్నారా అని. పెళ్లయినప్పటి నుంచి అదే నా పేరు. రేపు మా ఆవిడ నన్ను అసలు పేరుతో పిలిస్తే నేను తిరగను, ఇల్లు వదిలి పారిపోతాను" అన్నాడు.

సారు ఇంకా బిగుసుకునే ఉన్నాడు. నాకు అప్పటిదాకా ఆపుకున్న కోపమంతా వచ్చేసింది. "సారూ, మొన్న నేను ఏమండీ అంటే ఎవలు పలికిన్రు? నేను మిమ్ముల పిలిచిన్నా?" అన్నాను.

సారు చెవులు ఎర్రబడ్డాయి. తరిగే ఆడవాళ్లు మళ్లీ కొత్తిమీర వెతుక్కున్నారు. ఆయన "సరే, ఒక్కసారి చూద్దాం" అని, మా ఆయన్ను ఆ చివర గోడ వైపు మొహం పెట్టి నిలబెట్టాడు. నన్ను ఈ చివరకు రమ్మని, తనే నా పక్కన నిలబడ్డాడు. ఫ్యాన్లన్నీ మోగుతూనే ఉన్నాయి.

"పిలవండమ్మా" అన్నాడు.

ఇంట్లో అన్నానికి పిలిచేటప్పటి గొంతే వచ్చింది. "ఇగో" అన్నాను.

"ఆఁ, వస్తున్న" అన్నాడు మా ఆయన, గోడ దగ్గర నుంచి తిరిగి.

సారు నా వైపు వంగి, "పిలిచారా? నాకు వినపడలేదే" అన్నాడు.

అలా ఇద్దరికీ పని వచ్చింది. మేడమ్ తన నియమాన్ని కొంచెం సవరించింది. పేరు అంటే కాగితం మీద ఉన్నది కాదు, మనిషిని తిప్పేది అంది. ఆ వంటగదిలో ఇగో అన్న మాట మా ఆయనకు ఒక్కడికే చెందుతుందని, ఇంకెవర్నీ అలా పిలవకూడదని అందరి ముందూ ప్రకటించింది. మహారాజ్ మర్నాడే దాన్ని తన పద్ధతిలో దిద్దుకున్నాడు. ఇగోభాయ్ అన్నాడు. ఇప్పుడు క్యాంటీను మొత్తానికి మా ఆయన ఇగోభాయే. అన్నం తిని వెళ్లే ఇంజనీర్లు కూడా "ఇగోభాయ్, చారు అదిరింది" అంటారు. చారు చేసింది నేను. నా పేరు మాత్రం అడిగినవాడు లేడు.

పరీక్ష అయిన ఆ సాయంత్రం మేం ఇద్దరం హజీరా బస్సు దిగి, ఆటో మారి ఇంటికి చేరాం. పక్కింటావిడ గుమ్మంలోనే కాచుకుని ఉంది. "అన్న మంచిగున్నడా?" అని ఆయన్ను నఖశిఖపర్యంతం చూసి, ఆయుష్షు పెద్దగా తగ్గినట్టు లేదని తేల్చుకుని లోపలికి వెళ్లింది.

కంచంలో అన్నం పెడుతుంటే ఆయన లేచి వెళ్లి ఫ్యాను ఆపాడు.

"ఉక్కపోస్తలేదా?" అన్నాను.

"ఊకో జర" అన్నాడు. వచ్చి కూర్చుని, ఎడమ చెవి నా వైపు తిప్పాడు. కంచంలోకి చూస్తూనే, "మల్లొక్కసారి పిలువు" అన్నాడు.

"ఏమని?"

"గదే. మధ్యాన్నం పిలిచినవ్ గదా. నన్నని తెల్వక సక్కగ ఇనలే."

నాకు సిగ్గేసింది. నవ్వూ వచ్చింది. ఎప్పుడూ అరిచే ఆ మనిషి అంత మెల్లగా అడగడం చూసి ఏడుపు కూడా వచ్చింది. లేచి వెళ్లి, పక్కింటావిడకు వినపడకుండా తలుపు దగ్గరగా వేశాను. వచ్చి ఆయనకు ఎడమ వైపు కూర్చున్నాను. పిలిచాను. ఈసారి గుసగుసగా, మొత్తం పేరు.

"ఆఁ, ఇన్న" అన్నాడు, మేడమ్ నేర్పినట్టే. నేనింకేమీ అనకపోయేసరికి, "పేరు పిలిచినవ్, ఇగ పని చెప్పాలె గదా?" అన్నాడు.

"పనేం లేదు. తిను" అన్నాను.

"తింటున్న" అన్నాడు.